నాలుగు రుతువుల అవతల వివాల్డీ

వివాల్డీ పేరు ఎప్పుడూ వినని వాళ్లకు కూడా ఆయన సంగీతం తెలుసు. కాసేపు లైన్లో ఉండమని చెప్పి కస్టమర్ కేర్ వాళ్లు వినిపించేది, హోటల్ లిఫ్టులో సన్నగా మోగేది చాలాసార్లు 'ఫోర్ సీజన్స్'లోని ముక్కే. 1725లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయిన ఆ నాలుగు కన్సర్టోలకు రికార్డింగులు లెక్కకు అందనన్ని ఉన్నాయి. వాటిలో ఏది ఎంచుకున్నా పెద్దగా పోయేదేమీ లేదు. ఒకటి నచ్చకపోతే ఇంకొకటి, అదీ కాదంటే మరొకటి.

చిక్కంతా ఆయన రాసిన మిగతా సంగీతం దగ్గర మొదలవుతుంది. పేరు తెలియని కృతికి ఉండేవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగిన రికార్డింగులు. శ్రోత మొదట ఏది వింటే అతని దృష్టిలో అదే ఆ కృతి అయిపోతుంది. అందులో ఏదైనా లోపం ఉంటే ఆ మచ్చ వాద్యబృందానికి కాక, స్వరకర్తకు అంటుకుంటుంది. 'జూడితా ట్రయంఫాన్స్' కథ ఇందుకు మంచి ఉదాహరణ.

ఇది ఒరటోరియో. వేషాలు, తెరలు, అభినయం లేకుండా పాటలతోనే నడిచే మతపరమైన కథ. భాష లాటిన్. నిడివి దాదాపు రెండున్నర గంటలు. వివాల్డీ దీన్ని 1716లో వెనిస్‌లోని పియెటా అనే అనాథాశ్రమం కోసం రాశాడు. కన్నవాళ్లు వదిలేసిన పసిపిల్లలను పెంచే ఆ సంస్థలో ప్రతిభ ఉన్న ఆడపిల్లలకు సంగీతం నేర్పేవారు. వాళ్ల పాట వినడానికి యూరప్ నలుమూలల నుంచి యాత్రికులు వచ్చేవారు. పాడేవాళ్లు ఇనుప జాలీల వెనక ఉండేవారు, వినేవాళ్లకు ముఖాలు సరిగా కనిపించేవి కావు. ఇంటిపేర్లు లేని ఆ పిల్లలకు వాయిద్యమే ఇంటిపేరు. అందరిలోకీ ప్రసిద్ధురాలు 'వయొలిన్ అన్నా మరియా'. ఆశ్రమం చిట్టాల్లో 'టెనర్' అనీ, 'బాస్' అనీ గొంతును బట్టి పేరు పడిన అమ్మాయిలు కూడా ఉన్నారు. ఈ సంగతి తర్వాత అవసరమవుతుంది.

కథ బైబిల్ కాలానిది. బెతూలియా పట్టణాన్ని అస్సీరియా సేనాని హోలోఫెర్నిస్ ముట్టడిస్తాడు. జూడిత్ అనే వితంతువు దాసి అబ్రాను వెంటబెట్టుకుని శత్రువు గుడారానికి వెళుతుంది. ఆమె అందానికి మనసు పారేసుకున్న సేనాని విందు చేసి, తాగి, ఒళ్లు తెలియకుండా నిద్రపోతాడు. అతని కత్తితోనే ఆమె అతని తల నరుకుతుంది. 1716లో వెనిస్ వాసులకు ఇది పాత కథలా వినిపించి ఉండదు. అంతకుముందు ఏడాదే ఆ రిపబ్లిక్ గ్రీసు దక్షిణాన ఉన్న మొరియాను ఆటోమన్ తుర్కులకు పోగొట్టుకుంది. 1716 వేసవిలో తుర్కులు కోర్ఫూ ద్వీపాన్ని ముట్టడించారు. ఆగస్టులో ముట్టడి విఫలమై వెనుదిరిగారు. ఆ విజయోత్సాహంలో పుట్టిన కృతి ఇది. కవి జాకోమో కసెట్టి పోలికలను ఊహకు కూడా వదిలిపెట్టలేదు. జూడిత్ అంటే వెనిస్, హోలోఫెర్నిస్ అంటే సుల్తాన్, అబ్రా అంటే మతవిశ్వాసం అని విడమరిచి చెప్పేశాడు. ఒక్క మాటలో, ప్రభుత్వ ప్రచారం.

వివాల్డీ రాసిన స్వరాలు మాత్రం కవి చెప్పినట్లు వినలేదు. శత్రు సేనాని తన ప్రేమను కాదనవద్దని జూడిత్‌ను బతిమాలుకునే పాటకు ఆయన ఇచ్చిన తోడు ఓబో, ఆర్గన్ మాత్రమే. అంత మెత్తని సంగీతం కథానాయికకు కూడా అన్నిచోట్లా దక్కలేదు. ఆ పాట వింటున్నంతసేపూ అతను సుల్తాన్ కాదు, ప్రేమలో పడ్డ మధ్యవయస్కుడు. ఇది వినిపించాలంటే ఓబో గొంతు తగ్గించి పలకాలి. ఆధునిక ఓబోకు ఆ మెత్తదనం రాదని కాదు, కష్టం. నాటి ఓబోకు అది పుట్టుకతో వచ్చిన స్వభావం.

అసలు ఈ కృతి మొత్తం వాయిద్యాల సంతలా ఉంటుంది. ఆశ్రమంలో ఉన్నవన్నీ, వాయించగలిగిన వాళ్లందరినీ వివాల్డీ వాడుకున్నాడు. విందుకు సేవకులను పురమాయించే పాటకు నాలుగు థియోర్బోలు. ఇవి మనిషంత పొడవు ఉండే వీణల్లాంటివి. జీవితం క్షణికమని జూడిత్ పాడే చోట మాండలిన్. ఈ పేరు వినగానే పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ తెలుగు శ్రోత చెవిలో మోగడం సహజం. నాటి ఇటలీ మాండలిన్‌కు పేగుతో చేసిన తీగలుండేవి. శబ్దం చిన్నది, మీటగానే ఆరిపోతుంది. క్షణికత్వం గురించిన పాటకు అంతకన్నా తగిన వాయిద్యం దొరకదు. హోలోఫెర్నిస్‌ను దయ చూపమని అడిగే చోట వియోలా డమోరే. దీనికి కమానుతో వాయించే తీగల కింద మరో వరుస తీగలుంటాయి. వాటిని ఎవరూ ముట్టుకోరు, పై తీగల నాదానికి వాటంతటవే కంపిస్తాయి. సితార్, సారంగీలలో ఉండే తరబ్ తీగల పని ఇదే.

అన్నింటిలోకీ అరుదైనది షాలుమో. క్లారినెట్‌కు తాతలాంటి ఈ చిన్న గొట్టం జూడిత్ తన దాసిని వెంట రమ్మని పిలిచే పాటలో గువ్వలా కూస్తుంది. ఆ కూతే ఆ పాట. దాని స్థానంలో ఆధునిక క్లారినెట్ పెడితే స్వరాలన్నీ సరిగ్గానే ఉంటాయి. గువ్వ మాత్రం ఎగిరిపోతుంది. బీథోవెన్ సింఫనీని ఆధునిక వాయిద్యాల మీద వింటే పోయేది రంగు, బరువు మాత్రమే అని వాదించవచ్చు. 'జూడితా'లో ఆ వాదన నిలవదు. ఇక్కడ వాయిద్యం ఎంపిక కూర్పులో భాగం. నాటి వాయిద్యాల రికార్డింగుల కోసం వెతకడం పాతవస్తువుల మీద మోజు కాదని నిరూపించే కృతి ఏదైనా ఉందంటే ఇదే.

ఇంత సంగీతం రెండు శతాబ్దాలు ఎవరికీ వినిపించలేదు. 1741లో వియన్నాలో పేదరికంలో చనిపోయిన వివాల్డీ సొంత రాతప్రతులు వెనిస్ సేకర్తల చేతులు మారి, ఆ నగరంలో ఆస్ట్రియా రాయబారిగా పనిచేసిన జెనోవా ప్రభువు జాకోమో దురాజో దగ్గరకు చేరాయి. వారసుల పంపకాల్లో రెండు ముక్కలయ్యాయి. ఒక ముక్క ఉత్తర ఇటలీలోని పీడ్‌మాంట్ ప్రాంతంలో సలేసియన్ సన్యాసుల పాఠశాలకు దానంగా వెళ్లింది. 1926లో భవనం మరమ్మతులకు డబ్బు కావలసివచ్చి, సన్యాసులు తమ పాత పుస్తకాలకు వెల కట్టమని టూరిన్ జాతీయ గ్రంథాలయాన్ని అడిగారు. వాటిని పరిశీలించిన టూరిన్ విశ్వవిద్యాలయ సంగీత చరిత్రకారుడు ఆల్బర్టో జెంటిలి అవాక్కయ్యాడు. 14 సంపుటాల నిండా వివాల్డీ.

కొనడానికి గ్రంథాలయం దగ్గర డబ్బు లేదు. పసివాడైన కొడుకు మౌరోను పోగొట్టుకున్న రాబర్టో ఫోవా అనే ధనవంతుడు వాటిని 1927లో కొని, కొడుకు పేరిట గ్రంథాలయానికి ఇచ్చాడు. సంపుటాల మీద వరుస సంఖ్యలు మధ్యమధ్యలో ఎగిరిపోవడం గమనించిన జెంటిలి, రెండో సగం ఎక్కడో ఉందని పసిగట్టాడు. అది జెనోవాలోని మరో వారసుడి ఇంట్లో తేలింది. ఆ పెద్దమనిషిని ఒప్పించడానికి ఏళ్లు పట్టింది. 1930లో దాన్ని కొన్నది ఫిలిప్పో జోర్డానో అనే వస్త్ర వ్యాపారి. ఆయన కూడా రెంజో అనే చిన్న కొడుకును పోగొట్టుకున్న తండ్రి కావడం కల్పన కాదు, నిజం. మౌరో ఫోవా, రెంజో జోర్డానో అనే ఇద్దరు పిల్లల పేర్లతోనే ఈనాటికీ ఆ సేకరణలను పిలుస్తారు. మొత్తం దాదాపు 450 కృతులు. 'జూడితా' ఉన్నది ఫోవా సేకరణలో.

ఆ తర్వాతి అధ్యాయం అంత అందంగా లేదు. 1938లో ముస్సోలినీ ప్రభుత్వం జాతి చట్టాలు తెచ్చింది. జెంటిలి యూదుడు. విశ్వవిద్యాలయంలో ఉద్యోగం పోయింది. 1939 సెప్టెంబర్‌లో సియెనాలో స్వరకర్త ఆల్ఫ్రెడో కసెల్లా ఆధ్వర్యంలో వివాల్డీ వారోత్సవం జరిగింది. నేడు ప్రపంచమంతా పాడుతున్న 'గ్లోరియా' ఆ వేదిక మీదే మళ్లీ వినిపించింది. ప్రతులను వెలికితీసిన మనిషికి మాత్రం ఆ పండగలో చోటు లేదు. వెనిస్ విజయగాథను గ్రంథాలయంలోకి చేర్చినవాడిని అతని దేశమే బయటకు నెట్టింది.

ఇక రికార్డింగుల సంగతి. 1970లలో విట్టోరియో నెగ్రీ బెర్లిన్ ఛాంబర్ ఆర్కెస్ట్రాతో ఫిలిప్స్ కంపెనీకి చేసిన 'జూడితా' చాలాకాలం ఈ కృతికి ప్రతినిధిగా నిలిచింది. ఎలీ అమెలింగ్, బిర్గిట్ ఫిన్నిలా వంటి పెద్ద గాయనులు అందులో ఉన్నారు. ఆర్కెస్ట్రా ఆధునికమైనది. గానం కోసం ఇప్పటికీ వినదగ్గ రికార్డింగే. కానీ అది ఒక్కటే విన్నవారికి వివాల్డీ ఇన్ని వాయిద్యాలను ఎందుకు పోగేశాడో అర్థం కాదు. తీగలన్నీ ఒకే నున్నని నదిలా పారుతుంటే, అందులో పడిన చిన్న వాయిద్యాలు కొట్టుకుపోతాయి.

నాటి వాయిద్యాల మీద వచ్చినవాటిలో రెండు ముఖ్యమైనవి. వివాల్డీ మతసంగీతం మొత్తాన్ని రికార్డు చేసే క్రమంలో రాబర్ట్ కింగ్ తన కింగ్స్ కన్సార్ట్ బృందంతో 1990ల చివర్లో లండన్‌కు చెందిన హైపీరియన్ సంస్థకు చేసినది ఒకటి. జూడిత్‌గా పాడింది ఆన్ మరే. రెండోది 2001లో వచ్చింది. టూరిన్ ప్రతులన్నింటినీ రికార్డు చేయాలని సంగీత పండితుడు ఆల్బర్టో బస్సో తలపెట్టిన 'వివాల్డీ ఎడిషన్'లో భాగం. 2000లో మొదలై, నయీవ్ అనే ఫ్రెంచి కంపెనీ పేరుతో ప్రసిద్ధమైన ఈ వరుసలో ఇప్పటికి 70కి పైగా ఆల్బమ్‌లు వచ్చాయి. అందులో 'జూడితా'ను నడిపించింది అలెసాండ్రో డి మార్కీ. వాయించింది అకాడమియా మోంటిస్ రెగాలిస్. ఈ బృందం కేంద్రమైన మోండొవీ పట్టణం కూడా ఆ సన్యాసుల పాఠశాల ఉన్న పీడ్‌మాంట్‌లోనిదే. జూడిత్ పాత్రలో చెక్ గాయని మగ్దలేనా కోజెనా. (ఈ వరుస అట్టల మీద ఫ్యాషన్ పత్రికల నుంచి దిగినట్లుండే యువతుల ఫొటోలు చూసి లోపల ఏముందోనని సందేహించేవారు ఉన్నారు. లోపల పాండిత్యమే ఉంది. అమ్ముకోవడం వాళ్ల బాధ.)

కింగ్ రికార్డింగ్ తేటగా ఉంటుంది. ప్రతి పంక్తీ విడివిడిగా వినపడుతుంది. చర్చిలో కూర్చుని వింటున్నట్లు, కొంచెం మర్యాదగా. డి మార్కీ దాన్ని నాటకంగా చూశాడు. మాటల మీద ఒత్తు, పాటకూ పాటకూ మధ్య సంభాషణల్లో తొందర, ముట్టడి తాలూకు గాభరా. లాటిన్ భాష ఇటాలియన్ నోళ్లలో పలికితే వచ్చే పదును అదనం. తొలిసారి వినేవారు డి మార్కీతో మొదలుపెట్టడం మంచిది. కథ తెలిశాక, ఒక్కో వాయిద్యం ఏం చేస్తోందో పట్టుకోవాలనుకున్నప్పుడు కింగ్ దగ్గరకు వెళ్లవచ్చు. 2019లో జోర్డి సవాల్ కూడా తన సొంత సంస్థ అలియా వోక్స్ ద్వారా 'జూడితా' విడుదల చేశాడు. వియోలా కుటుంబపు వాయిద్యాల మీద జీవితం గడిపిన మనిషి కాబట్టి, తల నరకడానికి ముందు జూడిత్ చేసే ప్రార్థనలో ఆ వాయిద్యాల గుంపు ఎలా పలుకుతుందో అక్కడ ప్రత్యేకంగా వినాలి. కత్తి ఎత్తబోయే ఘట్టానికి బాకాలు, డప్పులు పెట్టకుండా వివాల్డీ ఆ మసకనాదాన్ని ఎంచుకున్నాడు.

అట్ట మీద 'ఒరిజినల్ ఇన్‌స్ట్రుమెంట్స్' అని ఉంటే సరిపోతుందా అంటే, సరిపోదు. ఆ మాటే సగం అబద్ధం. అలా వాయిస్తున్నవాటిలో ఎక్కువ భాగం పాతవాటిని చూసి ఈ కాలంలో చేసిన నకళ్లు. శృతి సంగతి చూసినా అంతే. ఈ బృందాలు చాలావరకు 'ఎ' స్వరాన్ని 415కు పెట్టుకుంటాయి. ఆధునిక 440కి సరిగ్గా అరస్వరం తక్కువ. అది సౌకర్యం కోసం కుదుర్చుకున్న ఒప్పందమే. వివాల్డీ నాటి వెనిస్ శృతి దానికన్నా ఎక్కువ ఉండేదని, నేటి 440కి దగ్గరదని పరిశోధకులు చెబుతారు. గాయకుడి గొంతును బట్టి శృతి మార్చుకునే కర్ణాటక సంగీతం వినేవారికి ఇది పెద్ద వింత కాదు. కానీ చారిత్రక సత్యం పేరిట అమ్మే వస్తువులో ఇలాంటి సర్దుబాట్లు ఉన్నాయని తెలిసి ఉండాలి. అమెరికన్ సంగీత చరిత్రకారుడు రిచర్డ్ టరస్కిన్ ఇంకా ముందుకెళ్లి, ఈ ఉద్యమం వినిపించేది 18వ శతాబ్దాన్ని కాదు, 20వ శతాబ్దపు అభిరుచినే అని వాదించాడు. వేగం, పొడితనం, భావావేశం పట్ల అనుమానం, ఇవన్నీ ఆధునికుల లక్షణాలే కదా అని ఆయన ప్రశ్న. 1980ల నాటి కొన్ని రికార్డింగులను ఇప్పుడు వింటే ఆయన మాటలో నిజం తెలుస్తుంది. అయితే అరుదైన కృతుల విషయంలో ఆ వాదన బలం తగ్గుతుంది. ఎవరి అభిరుచి అయితేనేం, షాలుమో లేకపోతే గువ్వ లేదు.

కాబట్టి చూడవలసింది అట్ట మీద ముద్ర కాదు, రాతప్రతి తేల్చని చోట ఆ బృందం ఏం చేసిందన్నది. 'జూడితా'కు ఆరంభ సంగీతం దొరకలేదు. కొందరు వివాల్డీ కన్సర్టోల నుంచి అరువు తెచ్చి అతికిస్తారు, కొందరు నేరుగా సైనికుల బృందగానంతో మొదలుపెడతారు. రెండూ చేయవచ్చు, చేసినట్లు చెప్పాలి. ఒక బృందగానంలో వివాల్డీ 'క్లరేని' అని రాశాడు. అవి క్లారినెట్లా, బాకాలా? ఎక్కువమంది క్లారినెట్ల వైపే మొగ్గుతున్నారు. అదే నిజమైతే, అప్పటికి కొత్తగా పుట్టిన వాయిద్యం ఆశ్రమం పిల్లల చేతుల్లోకి వచ్చేసిందన్నమాట. అన్నింటికన్నా పెద్ద ప్రశ్న బృందగానంలోని టెనర్, బాస్ పంక్తులది. అవి మామూలుగా మగ గొంతులకు రాసేవి. కానీ పాడింది అందరూ ఆడపిల్లలే. 'బాస్' పేరున్న అమ్మాయిలు ఆ పంక్తులను రాసిన స్థాయిలోనే పాడారా, పైస్థాయికి ఎత్తుకున్నారా? అట్టలోపలి చిన్న పుస్తకంలో దీనికి సమాధానం ఇచ్చిన రికార్డింగ్, ఆ సమాధానం తప్పయినా సరే, ఆలోచించి చేసిన పని. ఆ ప్రశ్నే తట్టనట్లు మామూలు మిశ్రమ బృందాన్ని నిలబెట్టేసిన రికార్డింగులో నాటి వాయిద్యాలు ఎన్ని ఉన్నా అలంకారమే. వేదిక మీద హోలోఫెర్నిస్ పాత్రను మగవాడికి అప్పగించే ప్రలోభం ఎప్పుడూ ఉంటుంది. దానికి లొంగనివాళ్లే మేలు.

చిన్న పుస్తకం అన్న మాట ఇప్పుడు పాతబడింది. స్ట్రీమింగ్ వచ్చాక దిగుమతి సీడీకి వెయ్యి, రెండు వేలు పోయాల్సిన బాధ తప్పింది గానీ, ఎవరు ఏ వాయిద్యం వాయించారో తెలిసే దారి కూడా మూసుకుపోయింది. తెర మీద కనిపించేది ఒక బొమ్మ, ఒక పేరు. రెండున్నర గంటల లాటిన్ కథను పాఠం లేకుండా వినడం, పద్యాలు తెలియకుండా పౌరాణిక నాటకం చూడడం లాంటిది. స్ట్రీమింగుకు చాలాకాలం దూరంగా ఉన్న హైపీరియన్ 2023లో యూనివర్సల్ చేతికి వెళ్లాక అందులోకి దిగింది. కింగ్ రికార్డింగ్ కూడా అలాగే అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఆ సంస్థ వెబ్‌సైట్‌లో వ్యాఖ్యానాలు ఉచితంగా చదువుకోవచ్చు కాబట్టి పాఠం కోసం ముందు అక్కడికి వెళ్లడం మంచిది.

వెతకడంలో పేర్లను నమ్ముకుంటే పని జరగదు. స్ట్రీమింగ్ సైట్లలో ఒకే కృతి నాలుగు భాషల్లో, నాలుగు రకాల అక్షరదోషాలతో ఉంటుంది. డెన్మార్క్ పండితుడు పీటర్ ర్యోమ్ వివాల్డీ కృతులకు ఇచ్చిన ఆర్‌వి సంఖ్యలు ఆ చిక్కు లేకుండా చేరుస్తాయి. 'జూడితా' ఆర్‌వి 644. షాలుమో నచ్చినవారు ఆర్‌వి 579 వెతకాలి. అది శోకసంగీతంగా రాసిన కన్సర్టో. అక్కడ అదే వాయిద్యం గువ్వ కూతను మరిచిపోయి నిట్టూరుస్తుంది. సాక్సనీ యువరాజు 1740లో పియెటాకు వచ్చినప్పుడు వాయించిన ఆర్‌వి 558లో మాండలిన్లు, థియోర్బోలు, షాలుమోలు జంటలు జంటలుగా వస్తాయి. అదే సందర్భానికి రాసిన ఆర్‌వి 540 వియోలా డమోరేకు, ల్యూట్‌కు. ఇక పెద్ద సంఖ్యలు అంటే కొత్తగా దొరికినవి. డ్రెస్డెన్ గ్రంథాలయంలో గలుప్పి అనే మరో స్వరకర్త పేరిట ఉన్న రెండు కీర్తనలు నిజానికి వివాల్డీవని ఆస్ట్రేలియా పరిశోధకురాలు జానిస్ స్టాకిట్ 2003, 2005లలో తేల్చింది. మొదటిది ఆర్‌వి 803. అందులోనూ షాలుమో ఉంది, వియోలా డమోరే ఉంది. రెండోది ఆర్‌వి 807. వివాల్డీ పాతబడి, గలుప్పి గిరాకీ పెరిగిన రోజుల్లో పేరు మార్చి అమ్మిన వెనిస్ ప్రతుల వ్యాపారి చలవ వల్ల రెండున్నర శతాబ్దాలు అవి వేరే ఇంటిపేరుతో బతికాయి.

'జూడితా' విన్నవారికి ఇలాంటిదే మరో ఒరటోరియో వినాలనిపించడం సహజం. దానికంటే రెండేళ్ల ముందు, 1714లో, వివాల్డీ అదే పియెటాకు మోషే, ఫరోల కథను రాశాడు. దాని పాటల పుస్తకం మిగిలింది. స్వరాలు దొరకలేదు.